పాత వెల్వెటీన్ దుస్తులు: గుర్తించడం, శుభ్రం చేయడం, విశాఖ తేమ నుంచి కాపాడడం

మా ఇంట్లో దాన్ని మఖమల్ కోటు అనేవారు. అమ్మమ్మ బడిపంతులమ్మ. పాడేరుకు బదిలీ అయిన ఏడాది, కొండల చలికి తట్టుకోవడానికని విశాఖ వన్ టౌన్‌లో కుట్టించుకున్న పొట్టి కోటు అది. తొలకరికి నేల మీద కనబడే ఆరుద్ర పురుగు రంగు, ముట్టుకుంటే అదే మెత్తదనం. ఆమె పోయాక ట్రంకు పెట్టెలోంచి తీసి, మడతలు పోతాయని వీధి చివర ఇస్త్రీ బండికి ఇచ్చాను. ఎడమ భుజం మీద ఇస్త్రీ పెట్టె ముక్కు ఆకారంలో మెరిసే మచ్చతో తిరిగి వచ్చింది. ఇస్త్రీ చేసినాయన తప్పేమీ లేదు. ఎలాంటి బట్ట ఇస్తున్నానో చెప్పడానికి నాకే తెలియదు.

ఆ మచ్చను పోగొట్టే ప్రయత్నంలోనే ఈ బట్ట సంగతి నేర్చుకున్నాను. అది పట్టు మఖమల్ కాదు, నూలుతో నేసిన వెల్వెటీన్. పాత ఇళ్ళలో పొడుగు చేతుల రవికలుగానో, పిల్లల గౌన్లుగానో, కోట్లుగానో ఇలాంటివి ఇంకా దొరుకుతున్నాయి. చాలా వాటిని తెలియక పాడు చేసుకుంటున్నాం. వెల్వెటీన్ అడుగున ఉన్నది నూలు గుడ్డ, అది ఓర్పు గలది. పైన నిలబడి ఉండే పొట్టి నారల పొర, అంటే నూగు, మాత్రం ఒత్తిడిని ఓర్వదు. అందుకే ఈ బట్టతో ఏ పని చేయబోయినా ముందు ఒక్క మాట అడుగుతాను: దీనితో నూగు నిలబడుతుందా, పడుకుంటుందా?

మొదటి అడుగు: బట్ట ఎలా పుట్టిందో తెలుసుకోండి

మగ్గం సంగతి తెలిసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. నిలువు పోగులు పడుగు, అడ్డపోగులు పేక. మఖమల్, అంటే వెల్వెట్‌లో నూగును అదనపు పడుగు పోగులతో తయారుచేస్తారు. రెండు బట్టలను ఎదురెదురుగా ఒకేసారి నేసి, వాటిని కలిపే పోగులను మధ్యలో కోస్తే రెండు వెల్వెట్లు వస్తాయి. వెల్వెటీన్‌లో నూగు పేక నుంచి వస్తుంది. మామూలు పేకతో పాటు అదనపు పేకను కొన్ని పడుగు పోగుల మీదుగా తేలేటట్టు వదిలి నేస్తారు. మగ్గం మీద నుంచి దిగినప్పుడు అది నున్నటి మందపాటి గుడ్డలా ఉంటుంది, నూగు ఉండదు. తర్వాత సన్నని కత్తిని ఆ తేలిన పోగుల కింద దూర్చి, బట్ట పొడవునా వరుస వెంట వరుసగా కోస్తారు. తెగిన కొసలను బ్రష్షుతో లేపితే నూగవుతుంది. ఇదే పద్ధతిలో వరుసల మధ్య ఖాళీ వదిలితే చారల బట్ట కార్డురాయ్ అవుతుంది.

18వ శతాబ్దం రెండో సగం నుంచి చాలా కాలం ఈ బట్టకు మాంచెస్టర్ పెద్ద కేంద్రంగా ఉండేది. జర్మన్, డచ్, స్వీడిష్ భాషల్లో కార్డురాయ్‌ని మాంచెస్టర్ అనే పిలుస్తారంటే ఆ ఊరి పేరు ఈ బట్టకు ఎంతగా అంటుకుపోయిందో తెలుస్తుంది. పోగులు కోసే పని చుట్టుపక్కల లిమ్, కాంగిల్టన్ వంటి చిన్న ఊళ్ళలో జరిగేది. బట్టను పొడవాటి బల్లల మీద బిగించి, కత్తి పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తూ కోసేవారు. ఒక వరుస అయ్యాక మళ్ళీ మొదటికి వచ్చి పక్క వరుస. అలా రోజుకు మైళ్ళ కొద్దీ నడిచేవారు, వారిలో ఆడవాళ్ళూ పిల్లలూ ఎక్కువ. చేయి ఒక్క క్షణం తడబడితే బట్టకు చిల్లు. తర్వాత యంత్రాలు వచ్చాయి. నేను కోటు మీద చేయి వేసినప్పుడల్లా ఆ నడక గుర్తొస్తుంది.

వెల్వెటీన్ స్వభావమంతా ఈ పుట్టుకలోనే ఉంది. నూగు పొట్టిగా, సుమారు 3 మిల్లీమీటర్ల లోపే, చిక్కగా ఉంటుంది. నూలు కాబట్టి పట్టులా తళతళలాడదు. నిలబడిన నారల మధ్యకు దూరిన వెలుగు చాలావరకు బయటికి రాదు, అందుకే రంగు లోతుగా, బావిలోకి తొంగి చూసినట్టు ఉంటుంది. వెల్వెట్ ఒంటి మీద జాలువారుతుంది, వెల్వెటీన్ బిర్రుగా ఆకారం పట్టి నిలుస్తుంది. కోట్లకూ, పొడుగు చేతుల రవికలకూ, కుచ్చుల గౌన్లకూ ఇది అంత బాగా కుదరడానికి కారణం అదే. మోటు వాడకానికి కూడా ఆగుతుంది. ఇంగ్లండులో అడవులు, వేటభూములు కాపలా కాసేవారు వెల్వెటీన్ కోట్లే వేసుకునేవారు. చివరికి వాళ్ళ మారుపేరే వెల్వెటీన్స్ అయింది.

రెండో అడుగు: మీ చేతిలో ఉన్నది వెల్వెటీనేనా?

మన బజారులో నూగున్న ప్రతి బట్టనూ వెల్వెట్ అనే అంటారు. పద్య నాటకాల రాజు వేషాల కోటు, పెళ్ళి మండపం తెర, నగల పెట్టె అస్తరు, అన్నిటికీ ఒకటే పేరు. ఉతికే ముందు మాత్రం తేడా తెలిసి తీరాలి.

ముందు అరచేత్తో చూడండి. పైనుంచి కిందికి, తర్వాత కింది నుంచి పైకి నిమరండి. ఒకవైపు నున్నగా జారుతుంది, రెండోవైపు చేతికి ఎదురు తగులుతుంది. నున్నగా జారే దిశే నూగు వాలు. నూగు పైకి వాలి ఉంటే రంగు ముదురుగా, కిందికి వాలి ఉంటే కొంచెం లేతగా, మెరుపుగా కనబడుతుంది. ఈ వాలును గుర్తుపెట్టుకోండి, తర్వాత ప్రతి అడుగులోనూ అవసరమవుతుంది.

తర్వాత బట్టను లోపలివైపు తిప్పి సాగదీయండి. బాగా సాగితే అది వెలూర్, అంటే నేయకుండా అల్లికతో చేసిన నూగు బట్ట. సాగకపోతే, కుట్టు లోపల వదిలిన బట్ట అంచు నుంచి ఒక పోగు లాగి చూడండి. వెల్వెటీన్‌లో నూగు కుచ్చులు పడుగు పోగును చుట్టుకుని ఉంటాయి కాబట్టి పొడవు వైపు పోగు లాగితే కుచ్చులు దానితో పాటు ఊడివస్తాయి. వెల్వెట్‌లో కుచ్చులు పేకను పట్టుకుని ఉంటాయి, అడ్డపోగు లాగితే రాలుతాయి. ఈ ఒక్క పరీక్షను నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్ముతాను. పోగు లాగినా ఏ కుచ్చూ రాక, మడత పెట్టినచోట అడుగున జిగురు పూతలాంటిది కనబడితే అది అతికించిన నూగు. జిగురు పూసిన గుడ్డ మీద పొట్టి నారలను స్థిరవిద్యుత్తుతో నిలబెట్టిన బట్ట అన్నమాట. దాన్ని డ్రైక్లీనింగ్‌కు ఇవ్వకండి, ద్రావకానికి జిగురు కరిగి నూగు పొరలుగా లేచిపోతుంది.

లాగిన పోగును పారేయవద్దు. పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్ళెం మీద, పక్కన నీళ్ళు పెట్టుకుని వెలిగించండి. కాగితంలా మండి, మెత్తటి బూడిద మిగిలితే నూలో, రేయానో. జుట్టు కాలిన వాసన వస్తే పట్టు. కరిగి గట్టి పూసలా బిగుసుకుంటే పాలిస్టర్ లేదా నైలాన్. నూలుకూ రేయాన్‌కూ తేడా తడిలో తెలుస్తుంది. తడిసిన నూలు పోగు పొడిగా ఉన్నప్పటి కంటే బలంగా ఉంటుంది. రేయాన్ పోగు తడిస్తే బాగా బలహీనపడి చిన్న లాగుకే తెగుతుంది. రేయాన్ అని తేలితే కింద చెప్పబోయే ఉతుకు దానికి వర్తించదు, నీళ్ళ దగ్గరికే తీసుకెళ్ళకండి.

మూడో అడుగు: వయసు

కచ్చితమైన ఏడాది తెలియడం అరుదు కానీ, హద్దులు గీయవచ్చు. దర్జీ చీటీ ఉంటే చిరునామా చదవండి. ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15న వచ్చింది. చీటీ మీద 530తో మొదలయ్యే సంఖ్య ఉంటే అది ఆ తర్వాతిదే. విశాఖపట్నం పేరు పక్కన ఉత్త ఒకటో రెండో అంకె ఉంటే అంతకు ముందుది కావచ్చు. ధర చీటీ మీద అణాలు కనిపిస్తే చాలావరకు 1957 ఏప్రిల్‌కు ముందుది, ఆ నెలలోనే నయాపైసలు వచ్చాయి. విదేశం నుంచి వచ్చిన దుస్తులకు ఉతికే విధానం చెప్పే చీటీ కుట్టి ఉంటే చాలావరకు 1970ల తర్వాతివి. అమెరికాలో ఆ చీటీ 1972 నుంచి తప్పనిసరి అయింది.

జిప్పు చూడండి. లోహపు పళ్ళ జిప్పు పాతదనానికి సూచన, నైలాన్ చుట్ట జిప్పులు 1960ల నుంచి విరివిగా వచ్చాయి. అయితే జిప్పు మధ్యలో మార్చి ఉండవచ్చు, దాని ఒక్కదాన్నే నమ్మకండి. చేత్తో కుట్టిన కాజాలు, ఓవర్‌లాక్ లేకుండా చేత్తో చుట్టిన లోపలి అంచులు, కాల్చితే బూడిదయ్యే నూలు దారం, ఈ మూడూ కలిసి ఉంటే బట్ట చాలా కాలం చూసినదే.

నాలుగో అడుగు: ఆరోగ్యం

పగటి వెలుగులో ఒకసారి, రాత్రి బల్బుకు అడ్డంగా పట్టి ఒకసారి చూడండి. వెలుగు చుక్కలుగా దూరిన చోట నూగు రాలిపోయింది. మోచేతులు, ముంజేతి అంచులు, కాలరు మడత, బొత్తాల చుట్టూ ముందుగా బట్టతల పడుతుంది. నూగు పడుకోవడం వేరు, రాలిపోవడం వేరు. పడుకున్నది లేస్తుంది, రాలినది తిరిగి రాదు. కొనేటప్పుడు ధర నిర్ణయించవలసినది ఈ తేడాను బట్టే.

నూగు రాలడం అన్ని వెల్వెటీన్లలో ఒకేలా ఉండదు. కొన్నిట్లో ప్రతి కుచ్చూ ఒకే పడుగు పోగు కింద నుంచి దూరి పైకి వస్తుంది, అది సులువుగా జారిపోతుంది. మేలిరకాల్లో కుచ్చు మూడు పడుగు పోగుల మధ్య అల్లుకుని ఉంటుంది, గట్టిగా పట్టి ఉంటుంది. లోపలివైపు తెల్లగుడ్డతో రెండుసార్లు మెల్లగా రుద్దండి. గుడ్డకు రంగునూగు అంటుకుంటే మీ బట్ట మొదటి రకం, దాన్ని తక్కువగా బ్రష్ చేయాలి.

నల్ల వెల్వెటీన్ విషయంలో ప్రత్యేకంగా చెప్పాలి. పాత నల్ల నూలు బట్టలు చాలావరకు గంధకపు అద్దకంతో వేసినవి. వేడి, తేమ ఉన్నచోట ఏళ్ళ తరబడి నిల్వ ఉంటే ఆ రంగులోని గంధకం మెల్లగా ఆమ్లంగా మారి నూలును లోలోపల తింటుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, వేళ్ళ మధ్య కొంచెం లాగితే అప్పడంలా చిట్లుతుంది. లోపలి కుట్టు అంచు దగ్గర రెండు బొటనవేళ్ళతో మెల్లగా లాగి చూడండి. చిట్లితే ఆ దుస్తు తొడగడానికి పనికిరాదు, చదునుగా పరిచి దాచుకోవడానికే. మన ఊరిలాంటి చోట ఈ పరీక్ష మానకూడదు.

తుప్పు కూడా చూడండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో కిటికీ గ్రిల్లు ఎంత వేగంగా తుప్పు పడుతుందో అందరికీ తెలుసు. అదే గాలి పాత హుక్కులనూ టిచ్ బటన్లనూ తింటుంది. తుప్పు మచ్చ పడిన చోట నూలు కూడా నీరసిస్తుంది. తుప్పు పట్టిన హుక్కులను ఉతికే ముందే విప్పి తీసేయండి.

అయిదో అడుగు: దుమ్ము, తర్వాతే నీళ్ళు

నూగు దుమ్మును జల్లెడలా పట్టి ఉంచుతుంది. వన్ టౌన్ వైపు ఇళ్ళలో కిటికీ చెక్క మీద రోజూ పేరుకునే నల్లటి ధూళి తడిస్తే బురదై నూగు మొదట్లో కూర్చుంటుంది. కాబట్టి పొడిగా ఉన్నప్పుడే తీయాలి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే గొట్టం మూతికి దోమతెర ముక్క కట్టి, అతి తక్కువ వేగంలో, బట్టకు తాకీ తాకనట్టు పట్టండి. లేకపోతే పసిపిల్లల తల దువ్వే మెత్తటి బ్రష్షుతో నూగు వాలు వెంట దువ్వండి. చాలా దుస్తులకు ఇది సరిపోతుంది. ఉతకవలసిన అవసరం నిజంగా ఉందా అని ఇక్కడ ఆగి ఆలోచించండి. పాత వెల్వెటీన్‌ను ఎంత తక్కువగా ఉతికితే అంత మేలని నా అనుభవం.

ఉతకాలనుకుంటే ముందు రంగు పరీక్ష. నూలుతో రసాయనికంగా కలిసిపోయే రియాక్టివ్ అద్దకాలు బజారుకు వచ్చింది 1956లో. అంతకు ముందువి, ఆ తర్వాత కూడా చవకగా అద్దినవి, నీళ్ళు తగిలితే వదలవచ్చు. తడిపి పిండిన తెల్ల మల్లు గుడ్డను లోపలి అంచు మీద ఒక నిమిషం అదిమి పట్టండి. అస్తరుకూ, దారానికీ, కుట్టిన పట్టీకీ వేర్వేరుగా చేయండి. గుడ్డకు రంగు కొంచెం అంటినా నీళ్ళ ఆలోచన మానండి. అస్తరు పట్టుదో రేయానుదో అయితే కూడా అంతే. రెండు బట్టలు రెండు రకాలుగా కుంచించుకుపోయి కోటు మెలికలు తిరుగుతుంది. అలాంటివి వెల్వెట్ పని తెలిసిన డ్రైక్లీనింగ్ దుకాణానికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఇస్త్రీ అసలు వద్దని చీటీ రాసి బట్టకు తగిలించండి. నోటిమాటగా చెప్పింది లోపలున్న పనివారి దాకా వెళ్ళదు.

పరీక్ష నెగ్గిన నూలు వెల్వెటీన్‌కు వెడల్పాటి టబ్బు, చల్లటి నీళ్ళు, ఘాటు లేని ద్రవ సబ్బు చాలు. కుంకుడు రసం వాడవచ్చు కానీ రెండు జాగ్రత్తలు. రసాన్ని గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి, లేకపోతే పిప్పి నూగులో ఇరుక్కుంటుంది. లేత రంగులకు అసలు వాడకూడదు, పసుపుదనం మిగులుతుంది. ఇక నీళ్ళ సంగతి. సముద్రానికి దగ్గరి బోరు నీళ్ళలో ఉప్పు ఉంటుంది. నూగులో మిగిలిన ఉప్పు ఆరిన తర్వాత కూడా గాలిలోని తేమను పీలుస్తూనే ఉంటుంది. అందుకని కనీసం చివరి జాలింపుకు కుళాయి మంచినీళ్ళే వాడండి.

పాత దుప్పటి ముక్కను టబ్బులో పరిచి, బట్టను దాని మీద నూగు పైకి వచ్చేలా ఉంచి, పది నిమిషాలు నాననివ్వండి. అరచేత్తో నీళ్ళనే కదపండి, బట్టను రుద్దవద్దు. బట్టను చేత్తో పట్టి ఎత్తకుండా దుప్పటి అంచులు పట్టి ఎత్తండి, తడి బరువుకు పాత కుట్లు తెగుతాయి. మూడుసార్లు జాలించండి. పిండడం, మెలిపెట్టడం, వాషింగ్ మెషిన్‌లో తిప్పడం, మూడూ నూగును చంపేస్తాయి. నీళ్ళు ఓడే దాకా ఏటవాలు పలక మీద ఉంచి, తర్వాత గుడ్డ చుట్టిన లావాటి హ్యాంగర్‌కు తగిలించి నీడలో, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. సముద్రం వైపు బాల్కనీ వద్దు. ముప్పాతిక ఆరాక మెల్లగా దులిపి, మెత్తటి బ్రష్షుతో ముందు వాలుకు ఎదురుగా, తర్వాత వాలు వెంట దువ్వండి.

కాలరు మీది తలనూనె మరక ఒక్క ఉతుకుతో పోదు. పోవాలని రుద్దితే మరక పక్కన బట్టతల వస్తుంది. పసుపు మరక ఎండకు పలచబడుతుంది కానీ, దాని వెంట బట్ట రంగూ పలచబడుతుంది. నేనైతే అలాంటి మరకలను అలాగే ఉంచుతాను. కోటు కుడి ముంజేతి మీద అమ్మమ్మ సిరా మరక ఇప్పటికీ ఉంది.

ఆరో అడుగు: పడుకున్న నూగును లేపడం

ఈ పని ఎన్నిసార్లు చేసినా నాకు విసుగు రాదు. నూలు నారకు వేడి ఆవిరి తగిలితే అది తేమ పీల్చి కాస్త ఉబ్బుతుంది, మడతలో బిగుసుకున్న వంపు సడలుతుంది, అప్పుడు బ్రష్షు చెప్పినట్టు వింటుంది. కుడుములకు ఆవిరి పట్టినట్టే, నీరు తగలకూడదు, ఆవిరే తగలాలి.

కొంచెం నలిగిన బట్టకు స్నానాల గది చాలు. బకెట్ల నిండా మరిగే వేడినీళ్ళు పెట్టి, తలుపు మూసి, బట్టను గోడలకు తగలకుండా పావుగంట వేలాడదీయండి. బయటికి తెచ్చి, నూగును చేత్తో ముట్టుకోకుండా, పూర్తిగా ఆరేవరకు వదిలేయండి. తడి నూగు మీద వేలు పెడితే వేలిముద్ర మిగిలిపోతుంది.

గట్టి మడతకు చేతి స్టీమరు కావాలి. బట్టను వేలాడదీసి, ఆవిరిని లోపలివైపు నుంచి, జానెడు దూరంలో పట్టండి. ఆవిరి బట్టను దాటి నూగు మొదళ్ళలోంచి పైకి వస్తుంది. లోపలి నుంచి పట్టే వీలు లేని అస్తరు కోటుకు బయటి నుంచే, ఇంకొంచెం దూరంగా పట్టండి. ఒకచోట నాలుగైదు సెకన్లకు మించి నిలపవద్దు, చుక్క పడితే మచ్చ పడుతుంది. వెంటనే బ్రష్షుతో వాలుకు ఎదురుగా రెండుసార్లు, వాలు వెంట ఒకసారి. ఒక్క పూటలో అంతా లేవాలని పట్టుబట్టకండి. మడత పదేళ్ళదైతే మూడు నాలుగు రోజులు, రోజుకొకసారి ఆవిరి పట్టాలి.

ఇస్త్రీ తప్పనిసరైతే, ఉదాహరణకు కొత్తగా వేసిన కుట్టు లోపలి అంచులను రెండువైపులా విడదీసి నొక్కాలంటే, బట్టను బోర్లా వేయాలి. వెల్వెట్ పనివారి దగ్గర సన్నటి తీగలు నిలబెట్టిన పలక ఉంటుంది, నూగు ఆ తీగల మధ్యకు దిగి నలగకుండా ఉంటుంది. ఇంట్లో అది ఉండదు కనుక మందపాటి టర్కీ తువ్వాలును రెండు మడతలు వేసి పరవండి. వెల్వెటీన్ ముక్క ఏదైనా ఉంటే ఇంకా మేలు, నూగుకు నూగు ఎదురుగా వచ్చేలా వేసి, పైన పొడి గుడ్డ కప్పి, ఇస్త్రీ పెట్టె బరువంతా మోపకుండా తాకించి తీసేయండి.

భుజం మీది నా మచ్చ సంగతి. అయిదు రోజులు ఆవిరి పట్టాక ముప్పాతిక పోయింది. నూలు కాబట్టి అంత మాత్రమైనా లేచింది. పాలిస్టర్ అయి ఉంటే కరిగి అతుక్కుపోయేది, ఎన్ని రోజులు పట్టినా లేవదు. ఏటవాలు వెలుగులో ఇస్త్రీ పెట్టె ముక్కు ఇప్పటికీ సన్నగా కనబడుతుంది.

ఏడో అడుగు: తేమ నుంచి కాపాడడం

వెల్వెటీన్‌ను చెమ్మ చంపినంతగా వయసు చంపదు. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచి ఉంటే బూజుకు అనువు. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ అంతకు పైనే ఉంటుంది. నైరుతి వానలు తగ్గాక కూడా అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల ముసురు ఉండనే ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా ఇంటి కిటికీ అద్దాలు పగిలి గదిలోకి వాన కొట్టింది. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. కొన్ని వారాలకు బీరువా సర్దుతుంటే ప్లాస్టిక్ సంచిలో జాగ్రత్తగా కట్టిపెట్టిన పిల్లల వెల్వెటీన్ గౌను నిండా తెల్లటి బూజు చుక్కలు. పాత పంచెలో చుట్టి పెట్టిన అమ్మమ్మ కోటుకు ఏమీ కాలేదు. ప్లాస్టిక్ బయటి తడిని ఆపుతుంది, నిజమే. కానీ లోపల చిక్కిన తేమకు దారి లేకుండా చేస్తుంది. పంచె తేమను పీల్చి వదులుతుంది.

కాబట్టి చుట్టడానికి బాగా నలిగిన నూలు పంచె, గంజి లేకుండా ఉతికినది. గంజి ఉంటే పాత పుస్తకాల్లో పరుగెత్తే వెండి రంగు పురుగు దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. నూలును ఉన్ని తినే చిమ్మటలు ముట్టవు కనుక కలరా ఉండలతో పెద్ద పని లేదు, అవి బూజును ఆపనూ ఆపవు. మీ మనశ్శాంతికి వేయాలనుకుంటే గుడ్డలో మూటకట్టి మూలన పెట్టండి, బట్టకు తగలనివ్వకండి. ఎండు వేపాకూ అంతే.

కోట్లనూ రవికలనూ భుజానికి దూది, గుడ్డ చుట్టిన హ్యాంగర్‌కు వేలాడదీయడం ఉత్తమం. ఉత్త ఇనుప తీగ హ్యాంగర్ మన గాలికి తుప్పు పట్టి భుజాల మీద గీతలు వేస్తుంది. బరువైన పొడుగు గౌన్లు వేలాడితే సాగుతాయి. వాటిని లావాటి అట్ట గొట్టానికి మల్లు గుడ్డ చుట్టి, దాని మీద నూగు బయటికి వచ్చేలా వదులుగా చుట్టండి. మడవక తప్పకపోతే ప్రతి మడతలోనూ మెత్తటి గుడ్డ చుట్టను ఉంచండి, మడత గీతలా కాకుండా వంపులా ఉండాలి. దాని మీద మరే బట్టా పెట్టకండి.

బీరువాను వాన కొట్టే వైపు గోడకు ఆనించకండి, నాలుగు వేళ్ళ సందు వదలండి. సిలికా జెల్ సంచులు పనిచేస్తాయి, రంగు మారినప్పుడు మార్చాలి లేదా ఆరబెట్టాలి. నీరు పట్టి డబ్బా అడుగున చేరే రకం తేమ పీల్చే మందులు మాత్రం వద్దు. డబ్బా ఒరిగితే ఆ ఉప్పునీరు బట్ట మీద పడుతుంది. చిన్న తేమమాపకం ఒకటి బీరువాలో పెట్టుకుంటే ఊహతో పని ఉండదు.

బూజు పట్టనే పడితే తడిపేయకండి. ముందు నీడలో, గాలి ఆడే చోట పూర్తిగా ఎండనివ్వండి. ఎండిన బూజును ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట, మెత్తటి బ్రష్షుతో వాలు వెంట దులపండి. ఆ తర్వాతే ఉతుకు. పిల్లల గౌనును అలాగే కాపాడుకోగలిగాం. ముక్క వాసన పోవడానికి నెల పట్టింది.

ఎనిమిదో అడుగు: దర్జీ దగ్గర

కురుపాం మార్కెట్ దగ్గర ఒక పెద్దాయన దర్జీ, కోటు చేతిలోకి తీసుకోగానే కత్తెర పక్కన పెట్టి ముందు అరచేత్తో నిమిరారు. "వాలు చూడకుండా వెల్వెట్ కోస్తే, అమ్మా, రెండు చేతులు రెండు రంగులైపోతాయి" అన్నారు. దర్జీని ఎంచుకోవడానికి నాకు అదే గుర్తు. బట్టను ముందు నిమిరేవారికి ఇవ్వండి.

పాత కుట్లు విప్పి వదులు చేయడం అన్ని బట్టల్లో కుదిరినట్టు ఇక్కడ కుదరదు. పాత కుట్టు ఉన్నచోట నూగు గీతలా నలిగి, సూది చిల్లులు కనబడతాయి. బిగించడం సులువు, వదులు చేయడం కష్టం. కొనేటప్పుడే ఈ సంగతి గుర్తుంచుకుని కొంచెం పెద్దదే తీసుకోండి. కుట్టేటప్పుడు నూగుకు నూగు ఎదురైతే పై బట్ట జారుతుంది, అందుకని ముందు చేత్తో దగ్గర దగ్గరగా కచ్చాకుట్టు వేయమనండి. గుండుసూదులు కుట్టు లోపలికి పోయే అంచులోనే గుచ్చాలి. సన్నటి కొత్త సూది, వదులు కుట్టు, నూగు వాలు వెంటే మిషను నడక. కొత్త ముక్క అతకాలంటే జేబు లోపలి నుంచో, అడుగు మడత నుంచో ఆ దుస్తు బట్టనే తీయమనండి. బజారులో అదే ఎరుపు దొరికినా యాభై ఏళ్ళ ఎరుపు పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది.

తొమ్మిదో అడుగు: తొడగడం

విశాఖలో వెల్వెటీన్‌కు డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా, అదీ సాయంత్రాలే అనువు. మిగతా కాలమంతా చెమట. చంకల్లో చేరిన చెమట రంగునూ నూలునూ రెంటినీ పాడుచేస్తుంది కాబట్టి లోపల పలచటి నూలు చొక్కా వేసుకోవాలి. అరకు, లంబసింగి ప్రయాణాలకు ఇంతకంటే తగిన కోటు లేదు, పాడేరు చలికే కదా అది పుట్టింది. లంబసింగి పొగమంచులో నూగు మీద ముత్యాల్లా నీటిచుక్కలు నిలుస్తాయి. తుడవకండి. బసకు చేరాక వేలాడదీసి ఆరనిచ్చి, అప్పుడు దువ్వండి. భుజానికి సంచి తగిలించుకోకండి, రైల్లో సీటుకు ఆనుకుని నిద్రపోకండి. అత్తరు, స్ప్రే ఒంటికి రాసుకోండి, బట్టకు కాదు.

భోగి మంట దగ్గరికి, దీపావళి మతాబుల దగ్గరికి మాత్రం ఈ దుస్తులతో వెళ్ళకండి, పిల్లలను అసలు పంపకండి. నూలు నూగుకు నిప్పు త్వరగా అంటుకుంటుంది. నిలబడిన సన్నటి నారల మధ్య గాలి ఉంటుంది కాబట్టి ఒక్క రవ్వ పడితే మంట బట్ట పైభాగమంతా క్షణంలో పాకుతుంది. సంక్రాంతి చలికి వెల్వెటీన్ తొడగాలని ఉంటుంది, మంట చుట్టూ నిలబడాలనీ ఉంటుంది. ఆ తెల్లవారుజామున శాలువా కప్పుకుని, కోటును కనుమకు ఉంచుకోండి.

ఇంటికి వచ్చాక వెంటనే బీరువాలో పెట్టవద్దు. ఒక రాత్రంతా ఫ్యాను కింద వేలాడదీసి, ఉదయం వాలు వెంట దువ్వి, పంచెలో చుట్టండి. జేబులో చిన్న కాగితం ఉంచండి. ఎప్పుడు ఉతికారు, రంగు వదిలిందా లేదా, నూగు ఏ దిశకు వాలింది, ఎక్కడ కుట్టు పడింది, అన్నీ అందులో రాయండి. పెన్సిల్‌తోనే రాయండి, మన తేమకు సిరా పాకి అస్తరుకు అంటుతుంది.